మూడు వారాలుగా నీళ్ళు పోసే పని ఒక్కటే చేస్తోంది, ఆపాలా?

పలక_బలపం:
మా పాపకు నాలుగేళ్ళు. ఇంట్లోనే మాంటిస్సోరి పద్ధతిలో నేర్పుదామని రెండు నెలల క్రితం మొదలుపెట్టాను. కింది అరలో ట్రేలు సర్ది, నచ్చింది తీసుకోమన్నాను. మూడు వారాలుగా రెండు జగ్గుల ట్రే తప్ప ఇంకోటి ముట్టదు. ఈ జగ్గులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి. ఒలికితే స్పాంజితో తుడిచి మళ్ళీ మొదలు. వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితం అక్షరాల వైపు కన్నెత్తి చూడదు. ఆపాలా? అంకెలు ఎప్పుడు మొదలుపెట్టాలి? పింక్ టవర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు ఘనాలు) ఇస్తే రైలుబండి చేసి తోస్తోంది, తోయనివ్వొచ్చా? మా అత్తగారేమో "ఇదా చదువు" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

వానచినుకు:
ఆపకండి. నేను ఆపి చూశాను కాబట్టి చెబుతున్నా. మావాడు బట్టకు బొత్తాలు పెట్టడం నేర్చుకునే ఫ్రేమ్ పట్టుకుంటే వదిలేవాడు కాదు. "చాల్లే, ఇంకోటి చెయ్యి" అని రోజూ లాక్కునేదాన్ని. నెల తిరిగేసరికి ఏది చేతికిచ్చినా రెండు నిమిషాలు కదిపి నా మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు, ఇప్పుడు లాక్కుంటానా అని. ఆ చూపు పోవడానికి ఆర్నెల్లు పట్టింది.

గరుకు_అక్షరం:
16 ఏళ్ళుగా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతోనే పనిచేస్తున్నాను, శిక్షణ కూడా ఇస్తాను. ఈ పద్ధతికి ఆద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో బడి తెరిచిన తొలి రోజుల్లో, ఒక మూడేళ్ళ పాప చెక్క దిమ్మె గుంతల్లోంచి స్తూపాల్లాంటి చెక్క ముక్కలు తీసి పెట్టే పనిని 40 సార్లకు పైగా చేసింది. ఆవిడ ఆ పాపను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెడితే, దిమ్మెను ఒళ్ళోకి తీసుకుని కొనసాగించిందట. మీ పాప చేస్తున్నదీ అదే. రోజూ మూడు గంటలు ఎవరూ కదపకుండా వదిలేయండి.
పింక్ టవర్‌ను మాత్రం రైలు చేయనివ్వకూడదు. అవి 10 ఘనాలు, అంచు 1 సెం.మీ. నుంచి 10 సెం.మీ. వరకు. ఒక్కోటీ ఒక్క సెంటీమీటరే పెరుగుతుంది. ఆ తేడా చేతికి తెలియడానికే దాన్ని తయారుచేశారు. రైలు కావాలంటే వేరే బొమ్మ ఇవ్వండి.

నిద్రలేని_నాన్న:
ఇదిగో, నాకు మండేది ఇక్కడే. పిల్లలే దారి చూపిస్తారంటారు, తీరా దారి చూపిస్తే తప్పు దారంటారు! మా పాప బడిలో ఆ ఘనాలతో ఇల్లు కట్టింది. టీచర్ మాట్లాడకుండా తీసి అరలో పెట్టేసింది. మూడు రోజులు ఆ అర దగ్గరికే వెళ్ళలేదు నా కూతురు.

గరుకు_అక్షరం:
తీసేయడం టీచర్ తప్పు, పద్ధతి తప్పు కాదు. దేన్ని తీసుకోవాలి, ఎంతసేపు చేయాలి అన్నది పిల్ల ఇష్టం. దాన్ని ఎలా పట్టుకోవాలో పెద్దవాళ్ళు ముందుగా చేసి చూపిస్తారు. తబలా నేర్చుకునేవాడు దాన్ని పీటగా వేసుకుంటానంటే ఒప్పుకుంటారా?

నిద్రలేని_నాన్న:
నాలుగేళ్ళ పిల్లకూ తబలా విద్వాంసుడికీ పోలికేంటండీ? అనుభవం ఉందని ఎదుటివాళ్ళ పిల్లల్ని ఇలా కొట్టిపారేయకండి.

గోరింక:
ఇద్దరూ కాస్త ఆగండి. నేను అట్టముక్కలతో ఆ ఘనాలు చేశాను, అది కూడా స్కేలు పెట్టి కొలిచి. మావాడు మొదట రైలే చేశాడు. ఒకరోజు గోడ మూలకు ఆనించి పేర్చాడు. రెండు పక్కలా అంచులు గోడకు ఆనేసరికి మిగతా పక్కల మెట్లు వచ్చాయి. అన్నిటికన్నా చిన్నదాన్ని పైనుంచి తీసి మొదటి మెట్టు మీద పెట్టాడు. సరిగ్గా పట్టింది. రెండో మెట్టు మీదా పట్టింది. కిందిదాకా అలా నడిపించుకుంటూ వెళ్ళాడు, నోటితో రైలు కూత వేస్తూనే. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

గరుకు_అక్షరం:
అది మేము తర్వాత చూపించే అభ్యాసమే. మీవాడు చూపించకుండానే పట్టేశాడంటే సంతోషం. కానీ అందరూ అలా పట్టుకోరు. మాట వెనక్కి తీసుకోను.

ఒకటో_తరగతి_అమ్మ:
మీరంతా టవర్ దగ్గరే ఆగిపోయారు. మా బాబు ఆరేళ్ళు నిండాక మామూలు బడిలో చేరాడు. అక్కడ పని పూర్తిచేస్తే స్టార్ ఇస్తారు. ఇంట్లో గంటలకొద్దీ బొమ్మలు గీసేవాడు, ఇప్పుడు "గీస్తే ఏమిస్తావు" అంటున్నాడు. నా గుండె తరుక్కుపోతోంది.

వానచినుకు:
1973లో అమెరికాలో నర్సరీ పిల్లల మీద ఈ విషయమే పరీక్షించారండి. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలను తీసుకుని కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఎవరి ఇష్టానికి వాళ్ళను వదిలేస్తే, వాళ్ళే తక్కువ గీశారు. చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్ళకు అలా కాలేదు. కాబట్టి ఇంట్లోనైనా ఆశ పెట్టకండి. గీసినదాని గురించి అడగండి చాలు.

నిద్రలేని_నాన్న:
బోర్డు మీద మాంటిస్సోరి అని రాసుకుని లోపల బెంచీలు, హోంవర్కు పెట్టే బడుల సంగతీ మాట్లాడండి. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చట. చేర్చేముందు అడ్డుచెప్పేవాళ్ళే లేకపోయారు.

గోరింక:
చేర్చేముందు ఓ పూట వెనకాల కూర్చుని చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడితో సరి. మూడేళ్ళవాళ్ళు, ఐదేళ్ళవాళ్ళు ఒకే గదిలో ఉన్నారా అన్నది మొదట చూడండి, ఈ పద్ధతిలో అలా కలిసే ఉండాలి.

పలక_బలపం:
అందరికీ థాంక్స్. జగ్గులు తీసేయడం లేదు. ఇవాళ అంచుదాకా పోసి, ఒక్క చుక్క ఒలకకుండా ఆపి, తనలో తనే "ఊఁ" అనుకుంది. కానీ అంకెల సంగతి ఎవరూ చెప్పలేదండీ.

గరుకు_అక్షరం:
క్షమించండి. నాలుగేళ్ళకు సంఖ్యా కడ్డీలతో మొదలుపెట్టొచ్చు. 10 కడ్డీలు, 10 సెం.మీ. నుంచి మీటరు దాకా, ఒక్కో కడ్డీ మీద ప్రతి 10 సెం.మీ.కీ ఎరుపు నీలం రంగులు ఒకదాని తర్వాత ఒకటి. మొదట అంకె రాసి చూపించకండి. కడ్డీని తాకుతూ లెక్కపెట్టనివ్వండి.

గోరింక:
కొనక్కర్లేదు. చెక్క పట్టీలు కోయించి రంగు టేపు చుట్టండి.

పలక_బలపం:
మీటరు పొడవుది మా గదిలో పరచడానికి చోటు లేదు. సగానికి తగ్గిస్తే పనికొస్తుందా?