ఘాట్ రోడ్డు మీద హైబ్రిడ్ ఎస్‌యూవీ: పట్టు, బ్రేకులు, ఈఎస్‌సీ గురించి మీ అనుభవాలు చెప్పగలరు

తూర్పుకనుమ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మారుతి గ్రాండ్ విటారా, టయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్‌లలో ఒకటి తీసుకుందామనుకుంటున్నాము. రెండూ కర్ణాటకలోని బిడదిలో తయారయ్యే ఒకే బండికి రెండు రూపాలు కనుక పేరు గురించి మాకు పట్టింపు లేదు. తేల్చుకోలేకపోతున్నది ఇంజను విషయంలోనే. ఒకవైపు పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు కూడా బండిని నడిపే, ముందు చక్రాలకు మాత్రమే శక్తి అందే స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉంది, మరోవైపు మోటారు ఇంజనుకు కొద్దిపాటి సాయం మాత్రమే చేసే, నాలుగు చక్రాలకూ శక్తి అందే మైల్డ్ హైబ్రిడ్ ఉంది. మా అత్తగారి ఊరు అరకు దగ్గర కావడంతో శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మాకు ఎప్పుడూ తప్పదు. వానాకాలంలో ఆ మలుపుల దగ్గర కొండ మీది ఎర్రమట్టి తారు మీదికి కొట్టుకువచ్చి పూత పూసినట్టు పరుచుకుంటుంది. షోరూములో ఎంత అడిగినా లీటరుకు 27.97 కిలోమీటర్లన్న మాట తప్ప మరొకటి చెప్పడం లేదు. పిల్లలను, పెద్దవాళ్లను ఎక్కించుకుని ఆ దారిలో దిగేటప్పుడు ఈ బండి ఎలా ప్రవర్తిస్తుందో వాడినవారు చెప్పగలరు.

శేషాద్రిబాట (తిరుపతి)

తూర్పుకనుమ గారూ, మా ఇంట్లో ఉన్నది స్ట్రాంగ్ హైబ్రిడే. తిరుపతిలో ఉంటాము కనుక బంధువులు వచ్చినప్పుడల్లా కొండకు వెళ్లిరావడం మామూలే. ఎక్కేటప్పుడు చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. నిండా మనుషులుంటే మూడు సిలిండర్ల ఇంజను శబ్దం కొంచెం గట్టిగానే వినిపిస్తుంది గాని, మలుపు తిరిగి మళ్లీ ఊపందుకోవలసిన చోట మోటారు ఆలస్యం లేకుండా లాగుతుంది.

దిగేటప్పుడు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మొదటి కొన్ని మలుపుల వరకు బ్రేకు తొక్కిన ప్రతిసారీ మోటారు కరెంటు పుట్టించడంతో తెర మీద బ్యాటరీ గడులు ఒక్కొక్కటే నిండుతూ, బండి నిశ్శబ్దంగా దిగుతుంది. గడులన్నీ నిండాక, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా, ఇంజను తనంతట తాను గట్టిగా మోగడం మొదలుపెడుతుంది. తెలియనివారికి ఏదో చెడిపోయిందనిపిస్తుంది, కాని అక్కడ చెడిపోయినదేమీ లేదు. ఆ స్థితి రాకముందే, అంటే దిగుడు మొదలవుతున్నప్పుడే, లివరును డి (మామూలుగా నడిపే స్థానం) నుంచి బి (ఇంజను నిరోధాన్ని వాడే స్థానం)కి మార్చుకుంటే బ్రేకు పెడల్ మీద పడే భారం స్పష్టంగా తగ్గుతుంది. బి స్థానం ఎందుకుందో డెలివరీ రోజున మాకు ఎవరూ చెప్పలేదు. యజమాని పుస్తకంలో చదువుకోవలసివచ్చింది.

గేరుపెట్టె (హైదరాబాద్)

శేషాద్రిబాట గారు చెప్పినదానికి కారణం లెక్క వేస్తే బాగా తెలుస్తుంది. ఈ బండిలో బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్ మాత్రమే. మనుషులతో, సామానుతో కలిపి బండి దాదాపు 1600 కిలోలు తూగుతుందనుకుంటే, నిలువున 100 మీటర్లు కిందికి దిగినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 0.44 కిలోవాట్ అవర్. తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల దిగుడు ఉంది కనుక అది మొత్తం మూడు కిలోవాట్ అవర్లకు చేరుతుంది. అందులో కొంత టైర్ల రాపిడికి, కొంత గాలికి పోయినా, మిగిలినదాన్ని దాచుకునే చోటు ఈ బ్యాటరీలో లేదు. పైగా దాని మన్నిక కోసం కంప్యూటరు దాన్ని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. నగరంలో లెక్క వేరు. 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగినా విడుదలయ్యేది 0.11 కిలోవాట్ అవర్ మాత్రమే కనుక, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ దానికి చోటు దొరుకుతుంది. హైబ్రిడ్ నగరంలో ఎక్కువ మైలేజీ ఇవ్వడానికీ, పొడవైన ఘాట్‌లో చేతులెత్తేయడానికీ మూలం ఈ ఒక్క అంకెలోనే ఉంది.

బ్యాటరీ నిండాక మిగిలిన శక్తిని ఖర్చు చేయడానికి, ఇంధనం పోయకుండానే మోటారు ఇంజనును తిప్పుతుంది. మీరు వింటున్న మోత అదే. బి స్థానం ఆ పనిని ముందుగానే మొదలుపెట్టి, ఇంజను నిరోధాన్ని బ్రేకులకు తోడు చేస్తుంది. చదునైన రోడ్డు మీద మాత్రం బి వాడవద్దు. బ్యాటరీలోకి వెళ్లవలసిన శక్తి అక్కడ వృథా అవుతుంది.

బ్రేకులకు సంబంధించి మరో రెండు విషయాలు చెప్పాలి. మెల్లగా బ్రేకు తొక్కుతూ గుంతలోకి దిగినప్పుడు బండి ఒక్క క్షణం ముందుకు జారినట్టు అనిపిస్తుంది. గుంతలో చక్రం పట్టు తప్పగానే కంప్యూటరు మోటారు ద్వారా వేసే బ్రేకును ఆపి, పనిని ఆయిల్ బ్రేకుకు అప్పగించేటప్పుడు కలిగే అనుభూతి అది. 2010లో టయోటా తన మూడో తరం ప్రియస్ హైబ్రిడ్ కార్లను బ్రేకు సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిపించింది ఈ లక్షణం వల్లనే. భయపడవలసిన పని లేదు, పెడల్‌ను వదలకుండా స్థిరంగా తొక్కి ఉంచితే చాలు. రెండోది బ్రేకు ఆయిల్. హైబ్రిడ్‌లో ప్యాడ్లు తక్కువ అరుగుతాయి కనుక మెకానిక్‌లు బ్రేకుల జోలికే వెళ్లరు. ఆయిల్ మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది, తేమ చేరిన ఆయిల్ ఘాట్‌లో వేడెక్కి మరిగితే పెడల్ నేలకు అంటుతుంది. మాకు తెలిసిన ఒకరి బండికి సర్వీసు కాగితంలో ఆయిల్ మార్చినట్టు టిక్కు పెట్టారు గాని, మూత తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది. దయచేసి దగ్గర నిలబడి మార్పించుకోండి.

తూర్పుకనుమ (విశాఖపట్నం)

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్ని వేరియంట్లలోనూ ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే పరికరం) ఇస్తున్నారు కదా. మట్టి పేరుకున్న మలుపులో దాన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చు?

గేరుపెట్టె (హైదరాబాద్)

ఈఎస్‌పీ అన్నా, ఈఎస్‌సీ అన్నా పని ఒకటే. మీరు స్టీరింగ్ ఎంత తిప్పారో, ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో, బండి నిజానికి ఎంత మళ్లుతోందో సెన్సర్లు ఎప్పటికప్పుడు పోల్చి చూస్తాయి. మీరు తిప్పినంతగా బండి మళ్లక ముక్కు బయటికి పోతుంటే ముఖ్యంగా లోపలివైపు వెనక చక్రానికి, తోక బయటికి విసురుతుంటే బయటివైపు ముందు చక్రానికి కంప్యూటరు విడిగా బ్రేకు వేసి బండిని దారిలోకి తెస్తుంది, ఇంజను శక్తిని కూడా తగ్గిస్తుంది. మనిషికి ఉన్నది ఒకే పెడల్ కనుక ఈ పని ఎంతటి డ్రైవరుకైనా సాధ్యం కాదు.

ఎత్తు ఎక్కువగా, పొడవు తక్కువగా ఉండే బండ్లకు ఇది మరీ అవసరం. 1997లో స్వీడన్‌లో అడ్డొచ్చిన జంతువును తప్పించినట్టు బండిని ఒక్కసారిగా పక్కకు తిప్పే పరీక్షలో మెర్సిడెస్ ఎ-క్లాస్ పల్టీ కొట్టాక, ఆ కంపెనీ అప్పటివరకు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ పరికరాన్ని ఆ చిన్న కారుకు తప్పనిసరి చేసింది. మన దేశంలో 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల భద్రతా పరీక్షలో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఇది ఉండి తీరాలి.

అయితే మీ ప్రశ్నకు అసలు జవాబు మలుపు లెక్కలో ఉంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపును 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, బండి బరువులో దాదాపు సగానికి సమానమైన పట్టును టైర్లు పక్కవాటుగా అందించాలి. 40తో తిరిగితే అది ఐదింట నాలుగు వంతులు దాటుతుంది. పొడి తారు మీద మంచి టైరు అంత పట్టు ఇవ్వవచ్చు గాని, తడిసిన ఎర్రమట్టి మీద అందులో సగం కూడా ఇవ్వలేదు. ఉన్న పట్టును నాలుగు చక్రాలకు సరిగ్గా పంచడమే ఈఎస్‌సీ చేయగలదు, లేని పట్టును అది తయారు చేయలేదు. అందుకే మలుపులోకి వెళ్లాక కాక, మలుపుకు ముందే వేగం తగ్గించండి.

కృష్ణాతీరం (విజయవాడ)

నా అనుభవం చిన్నదే అయినా ఇక్కడ పనికివస్తుంది. హైదరాబాద్ హైవే నుంచి సర్వీసు రోడ్డులోకి దిగే వంపులో లారీ నుంచి జారిన ఇసుక పరుచుకుని ఉంది. చక్రాలు దాని మీదికి ఎక్కగానే మీటరు దగ్గర బండి జారుతున్న గుర్తు పసుపు రంగులో చకచకా వెలిగి ఆరింది, కింద టకటకమని చప్పుడు వచ్చింది, ముక్కు మళ్లీ లోపలికి తిరిగింది. ఆ సమయంలో కంగారుపడి స్టీరింగ్‌ను ఇటూ అటూ తిప్పకూడదు. మనం వెళ్లవలసిన వైపే దాన్ని పట్టుకుని ఉంటేనే కంప్యూటరుకు మన ఉద్దేశం తెలుస్తుంది. హైవే మీద నిలిచిన నీటిలో మాత్రం దీన్ని నమ్ముకోకండి. నాలుగు టైర్లూ నీటి మీద తేలుతుంటే ఏ చక్రానికి బ్రేకు వేసినా ఫలితం ఉండదు.

మంచుదారి (మిషిగన్)

ఫోర్ వీల్ గురించి ఇక్కడి మాట చెబుతాను. మాది టయోటా ఆర్‌ఏవీ4 హైబ్రిడ్. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య శక్తిని మోసే షాఫ్ట్ లేకుండా, వెనక చక్రాలను విడిగా ఒక మోటారు తిప్పుతుంది. మంచులో కదలడానికి, ఎత్తుకు ఎక్కడానికి అది ఎంతో సాయపడుతుంది. కాని ఆగడానికి, మలుపు తిరగడానికి దాని సాయం దాదాపు శూన్యం, ఎందుకంటే బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాల మీదే ఉంటాయి. ఫోర్ వీల్ ఉందన్న ధీమాతో వేగంగా వచ్చి కాలువలో పడిన బండ్లను ఇక్కడ ప్రతి శీతాకాలం చూస్తుంటాము. మాకు నిజంగా తేడా చూపించినవి శీతాకాలపు టైర్లు. సాఫ్ట్‌వేర్ పాత్ర కూడా తక్కువేమీ కాదు. గేరుపెట్టె గారు చెప్పిన స్వీడన్ పరీక్షలోనే 2019లో ఇదే ఆర్‌ఏవీ4 తడబడితే, టయోటా ఐరోపాలో అమ్మే బండ్లకు స్థిరత్వ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. కనుక సర్వీసుకు వెళ్లినప్పుడు అప్‌డేట్ ఏమైనా ఉందా అని తప్పక అడగండి.

మీ అత్తగారి ఇంటికి చివరి కిలోమీటరు మట్టిబాట అయితే, అందులో వానకు చక్రం దిగబడే అవకాశం ఉంటే, ఫోర్ వీల్‌కు ఇచ్చే డబ్బు సార్థకమే. అంతా తారు రోడ్డే అయితే ఆ డబ్బు టైర్లకు ఉంచుకోండి.

తూర్పుకనుమ (విశాఖపట్నం)

ఇప్పుడు ఇంటి ముందు వరకు సిమెంటు రోడ్డు పడింది కనుక స్ట్రాంగ్ హైబ్రిడ్ వైపే మొగ్గుతున్నాము. బ్యాటరీ వల్ల డిక్కీ చిన్నదవుతుందని విన్నాను. పైన క్యారియర్ వేయిస్తే ఘాట్‌లో తేడా తెలుస్తుందా?

శేషాద్రిబాట (తిరుపతి)

తప్పకుండా తెలుస్తుంది. నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్న బండికి పైకప్పు మీద బరువు పెడితే ప్రతి మలుపులోనూ ఒరుగు పెరుగుతుంది. మేము బియ్యం బస్తాలాంటి బరువులను వెనక సీటు ముందు, కాళ్ల దగ్గర నేల మీద పెట్టి, దుప్పట్లు, ఖాళీ సంచులు మాత్రమే పైన కడతాము. బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు దగ్గరున్న స్టిక్కరులో నిండు బరువుకు చెప్పినంత గాలి పట్టించండి. టైరు గాడుల లోతుకు చట్టం 1.6 మిల్లీమీటర్ల వరకు అనుమతిస్తుంది గాని, వానాకాలం ఘాట్ కోసమైతే మూడుకు వచ్చేసరికే మార్చడం మంచిది. టెస్ట్ డ్రైవ్‌కు చదునైన బీచ్ రోడ్డు కాకుండా సింహాచలం కొండ రోడ్డు అడగండి, దిగేటప్పుడు బి స్థానం ఒకసారి వేసి చూడండి.