రెండేళ్లు ఆలస్యమైన హ్యాండ్‌హెల్డ్ కంప్యూటర్‌కు ఇప్పుడు గిరాకీ ఉంటుందా?

ప్రశ్న: పార్క్‌లేన్ దుకాణదారు

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నాకు చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. విదేశంలోని ఒక చిన్న సంస్థ అరచేతిలో ఇమిడే కంప్యూటర్ తయారు చేస్తున్నామంటూ 2022 మార్చిలో బుకింగులు మొదలుపెట్టింది. అయిదంగుళాల తెర, దాని కింద మీటలున్న అసలైన కీబోర్డు, విండోస్‌కు బదులు లైనక్స్, పక్కన పెద్ద యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే పోర్టు దాని ప్రత్యేకతలు. నేను పదకొండు మంది దగ్గర అయిదేసి వేలు అడ్వాన్సు తీసుకుని, ఆ ఏడాది దీపావళికల్లా చేతికిస్తానని రసీదు మీద రాసిచ్చాను.

ఇప్పుడు 2024లో ఉన్నాం. మొదట ప్రాసెసర్ దొరకలేదన్నారు, తరువాత తెర తయారీ ఆగిపోయిందన్నారు, ఆపైన కొత్త తెరకు తగ్గట్టు బాడీ మౌల్డు మార్చాలన్నారు. పోయిన వారం మాత్రం సరుకు సిద్ధమైందనీ, కావాలంటే అదనంగా యాభై పంపుతామనీ, డాలర్లలో పాత ధరే వర్తిస్తుందనీ మెయిల్ పంపారు. బుక్ చేసిన రోజు డాలరు దాదాపు 76 రూపాయలు, ఇప్పుడు 83. అంటే పాత ధర అన్న మాట వారికే గానీ మనకు కాదు.

అడ్వాన్సు ఇచ్చినవారిలో నలుగురు కాలేజీ విద్యార్థులు. వారిలో ముగ్గురు ఇప్పటికే వచ్చి, చేతిలో ఉన్న ఫోనే దానికంటే వేగంగా ఉందని చెప్పి డబ్బు వెనక్కి తీసుకున్నారు. మిగిలిన ఏడుగురూ నెట్‌వర్క్ టెక్నీషియన్లు; వారిలో ఒక్కరూ బుకింగ్ రద్దు చేసుకోలేదు. ఇంత ఆలస్యమైన వస్తువు బజారులో నిలబడుతుందా, ఆ యాభై తెప్పించే సాహసం చేయవచ్చా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

సమాధానం: చర్లపల్లి హార్డ్‌వేర్ ఇంజనీరు

నమస్కారమండీ. పదహారేళ్లుగా సర్క్యూట్ బోర్డుల పనిలోనే ఉన్నాను కాబట్టి, వారు చెప్పిన కారణాలు నాకు సాకుల్లా కనిపించడం లేదు. చిన్న సంస్థ తనకోసం ప్రత్యేకంగా తెర చేయించుకోలేదు, ఏదో ఒక ఫోను కోసం లక్షల్లో తయారవుతున్న తెరనే రెండు మూడు వేలు కొనుక్కుంటుంది. ఆ ఫోను మోడల్ ఆగిపోయిన రోజున ఫ్యాక్టరీ ఆ తెరనూ ఆపేస్తుంది. తెర మారితే కనెక్టర్ మారుతుంది, కనెక్టర్ మారితే బోర్డు మళ్లీ గీయాలి, మందం అర మిల్లీమీటరు పెరిగినా మౌల్డు సరిచేయించాలి, ఈలోగా కొని పెట్టుకున్న మెమరీ చిప్పులు పాతబడతాయి.

వస్తువు ఎంత ఆలస్యమైందన్న లెక్క కంటే, ఆ మధ్యకాలంలో అది చేయవలసిన పనిని ఇంకొకటి వచ్చి చేసేసిందా అన్నది నేను చూస్తాను. జేబులో పట్టే విండోస్ కంప్యూటర్ అంటూ 2002లో ప్రకటించిన ఓక్యూఓ 2004 అక్టోబరులో గానీ అమ్మకానికి రాలేదు. వచ్చేసరికి ధర దాదాపు 1,900 డాలర్లు. అయినా కొంతకాలం నడిచింది, ఎందుకంటే అంత చిన్నదానిలో పూర్తి విండోస్ ఇచ్చేది అప్పట్లో దాదాపు లేదు. 2007లో ఐఫోనూ, ఆసుస్ వారి చవకైన ఈపీసీ అనే బుల్లి ల్యాప్‌టాపూ వచ్చాక, కొనడానికి ఉన్న ఆ కారణం కూడా పోయింది. 2009లో సంస్థ మూతపడింది.

వాల్వ్ సంస్థ తెచ్చిన, లైనక్స్‌తో నడిచే చేతి ఆటల కంప్యూటర్ స్టీమ్ డెక్ కథ వేరు. 2021 డిసెంబరులో ఇస్తామన్నది విడిభాగాల కొరతతో 2022 ఫిబ్రవరి 28కి జరిగింది, అయినా గిరాకీ తగ్గలేదు. జరిగింది రెండు నెలలే అన్నది నిజమే కానీ, అంతకన్నా పెద్ద బలం మరొకటి ఉంది. విండోస్ ఆటలను లైనక్స్ మీద నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాల్వ్ సంస్థ 2018 నుంచే సానబెడుతూ వచ్చింది కాబట్టి, పెట్టె విప్పేసరికి కొన్నవారు అంతకుముందే కొనుక్కున్న ఆటలు చాలావరకు అందులో ఆడాయి. కాబట్టి ఆ సంస్థను ముందుగా అడగవలసింది ప్రాసెసర్ వేగం గురించి కాదండీ, ఈ రెండేళ్లలో సాఫ్ట్‌వేర్ పని జరిగిందా లేదా అని.

బ్యాటరీ సంగతి కూడా అడగండి. ప్లేడేట్ అనే చిన్న ఆట యంత్రం విషయంలో, తయారై వచ్చిన మొదటి 5,000 యూనిట్లలో కొన్ని అసలు ఆన్ కాలేదని 2021లో తేలింది. బ్యాటరీలన్నీ మార్పించి 2022 ఏప్రిల్‌లో పంపడం మొదలుపెట్టారు. బాగా ఆలస్యమైనా జనం కొన్నారు, ఎందుకంటే జరిగింది దాచకుండా చెప్పారు. మీ సరుకులోని బ్యాటరీలు ఏ నెలలో తయారైనవో రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది.

సమాధానం: తార్నాక పాఠకుడు

పై మిత్రుడు చెప్పినదానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ సంస్థవారు కలిసి సామాన్యుడి కోసం రూపొందించిన సింప్యూటర్ నమూనాను 2001 ఏప్రిల్‌లో చూపించారు. తొమ్మిది వేల రూపాయలకు చేతి కంప్యూటర్, భారతీయ భాషల్లో చదివి వినిపించడం, ఊరందరూ ఒకే యంత్రాన్ని వాడుకుంటూ ఎవరి వివరాలు వారి స్మార్ట్‌కార్డులో దాచుకోవడం వారి ఆలోచన. ఇప్పుడు చదివినా ఎంత ముందుచూపో అనిపిస్తుంది. భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన అమీదా సింప్యూటర్ 2004 ఏప్రిల్‌లో బజారుకు వచ్చింది, ధర సుమారు పది వేల నుంచి మొదలైంది.

ఆ మూడేళ్లలో ఏం జరిగిందో హైదరాబాద్ వీధుల్లో కళ్లారా చూశాను. 2003లో రిలయన్స్ వారు 501 రూపాయలు కట్టించుకుని చేతిలో ఫోను పెట్టారు. అంతవరకు పెద్ద ఉద్యోగుల దగ్గరే కనిపించిన సెల్‌ఫోను ఆటో డ్రైవర్ల జేబుల్లోకీ కూరగాయల బండ్ల మీదికీ చేరింది. సింప్యూటర్ చేస్తానన్న పనులన్నీ ఆ ఫోను చేయలేదు. కానీ పల్లెలో మనిషి మొదట ఖర్చు పెట్టదలచుకున్నది మాట్లాడుకోవడానికే, ఆ అవసరం తీరాక పది వేలు పెట్టడానికి కారణం మిగల్లేదు. 50,000 అమ్మాలనుకున్న చోట 2005 నాటికి సుమారు 4,000 మాత్రమే అమ్ముడయ్యాయి. మీ విద్యార్థులు ముగ్గురూ డబ్బు వెనక్కి తీసుకోవడం నాకు ఆ రోజులనే గుర్తు చేసింది.

సమాధానం: దిగుమతుల పని చేసేవాడిని

యాభై తెప్పించే ముందు ఒక్క మాట వినండి. 2023 ఆగస్టులో కేంద్రం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లతో పాటు అతిచిన్న పరిమాణపు కంప్యూటర్ల దిగుమతిని కూడా ఆంక్షల కిందికి తెచ్చింది, తరువాత ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకునే పద్ధతి పెట్టింది. ఆన్‌లైన్‌లో కొన్న ఒక్క యూనిట్ కొరియర్‌లో వస్తే ఆ అనుమతి అక్కర్లేదు, సుంకం మాత్రం కట్టాలి. అమ్మకానికి తెప్పించే సరుకుకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ గొడవ కూడా ఉంటుంది. ఆ చిన్న సంస్థకు అది ఉందా అని మొదట కనుక్కోండి. లేకపోతే యాభై పెట్టెలు కస్టమ్స్ గోడౌన్‌లో అద్దె కడుతూ కూర్చుంటాయి.

ప్రశ్న అడిగిన దుకాణదారు

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక నిన్న సాయంత్రం మా టెక్నీషియన్లలో ఒకరిని దుకాణానికి పిలిపించి, రెండేళ్లయినా బుకింగ్ ఎందుకు ఉంచుకున్నారని అడిగాను. ఆయన మాదాపూర్‌లో సెల్లార్లలోని సర్వర్ గదులు చూసుకుంటారు. ర్యాకు వెనక ఇరుకు సందులో నిలబడి, ఎడమ చేతి మీద ల్యాప్‌టాప్ నిలబెట్టుకుని, టార్చి నోట కరచుకుని, కుడిచేత్తో కమాండ్లు కొట్టే పద్ధతి అక్కడికక్కడే చేసి చూపించారు. ఫోనుకు అడాప్టర్ తగిలించి ప్రయత్నించారట. కీబోర్డు వచ్చి సగం తెరను కప్పేస్తుంది, ఉన్న ఒక్క పోర్టూ కేబుల్‌కే పోతుంది, చార్జింగ్ అయిపోతే పని మధ్యలో ఆగుతుంది. ఈ రెండేళ్లలో ఆయన ఇబ్బంది తీర్చే వస్తువు ఏదీ ఆయనకు దొరకలేదు.

అందుకని యాభై ప్రస్తుతానికి వద్దని రాశాను. ఏడుగురికీ వారి వారి పేర్లతో విడివిడిగా పంపగలరా, బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉందా, బ్యాటరీలు ఏ నెలవి, ఈ రెండేళ్లలో సాఫ్ట్‌వేర్‌లో ఏమేం మార్చారు అని అడిగాను. మిగిలిన ఒక్క విద్యార్థికీ ఫోను చేసి, అడ్వాన్సు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తానని చెప్పాను. మొదటి పెట్టె ఈ టెక్నీషియన్‌దే కావాలని కోరాను. అది వచ్చిన రోజున మా దుకాణంలోని పాత నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించి చూద్దామని, తన నీలం రంగు కన్సోల్ కేబుల్ తెస్తానని ఆయన చెప్పి వెళ్లారు.