16 ఏళ్ల లోపు వాళ్లకు సోషల్ మీడియా బంద్: మనకూ కావాలా?

గోదారిగట్టు:
ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లు నిండని వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్ ఖాతాలు ఉండకూడదు. లెక్కచేయని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. మనకూ ఇలాంటి చట్టం రావాలి. ముందు చదువుకోనివ్వండి, సమాజాన్ని తర్వాత ఉద్ధరిస్తారు.

నల్లబల్ల:
నేను హైస్కూల్ టీచర్ని. ఉద్ధరించడం అని వెటకారం చేశారు గానీ, కంచ గచ్చిబౌలి మర్చిపోయారా? 2025 మార్చి ఆఖర్లో హైదరాబాద్‌లో ఆ 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి బుల్డోజర్లు దిగితే, రాత్రిపూట నెమళ్ల అరుపులు దేశమంతా వినేలా చేసింది పక్కనే ఉన్న హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) విద్యార్థుల ఫోన్లే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది.

పులిహోర:
అప్పుడు తిరిగిన జింకల ఫొటోల్లో ఏఐతో చేసినవీ ఉన్నాయిగా.

నల్లబల్ల:
కొన్ని ఉన్నాయి. బుల్డోజర్లు మాత్రం నిజమైనవే.

పులిహోర:
కొన్ని అంటే ఎన్ని?

గోదారిగట్టు:
వాళ్లు పీజీలు, పీహెచ్‌డీలు చేసేవాళ్లు, ఓటున్నవాళ్లు. నేనడిగేది తొమ్మిదో తరగతి పిల్లల గురించి. టీచరై ఉండి ఆ తేడా తెలియదా?

నల్లబల్ల:
సరే, ఒప్పుకున్నా. 2018లో వాతావరణ మార్పు మీద స్వీడన్ పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని కూర్చున్నప్పుడు గ్రెటా థున్‌బర్గ్‌కి 15 ఏళ్లే. ఆ ఫొటో ఇన్‌స్టాలో పెట్టింది కాబట్టే నలుగురికీ తెలిసింది.

గోదారిగట్టు:
మా ఊళ్లో గ్రెటాలు లేరండీ. రీల్స్ చేసేవాళ్లున్నారు.

హాస్టల్‌కుర్రాడు:
రెండూ చేసేవాళ్లూ ఉంటారు అంకుల్.

గోదారిగట్టు:
అయితే వినండి. మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది. బడి బాత్రూముల్లో నీళ్లు రావట్లేదని వీడియో పెట్టింది. రెండు రోజుల్లో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. హెచ్ఎం నన్ను పిలిపించి, స్టాఫ్ అందరి ముందూ ‘మీ పిల్లని అదుపులో పెట్టుకోండి’ అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో తలెత్తుకు తిరిగినవాణ్ణి. కింద కామెంట్లలో ఎవడో పిల్ల రంగు మీద రాశాడు. రెండు రాత్రులు పిల్ల అన్నం ముట్టలేదు. ఇదేనా మీరు వెనకేసుకొచ్చే ఉద్ధరణ?

నల్లబల్ల:
ఆ కామెంట్ పెట్టినవాడికి ఎన్నేళ్లు?

గోదారిగట్టు:
నలభై ఉంటాయి. అయితే?

నల్లబల్ల:
మరి బంద్ ఎవరికి పెట్టాలి?

పులిహోర:
ఆస్ట్రేలియా చట్టం వాట్సాప్‌ని వదిలేసింది. అది ఇక్కడున్నా మీ వీడియో ఊరంతా తిరిగేదే.

గోదారిగట్టు:
మీకు పిల్లలుంటే తెలిసేది!

నల్లబల్ల:
ఇద్దరున్నారు. పెద్దది నాతో మాట్లాడేదే తక్కువ.

పాలపిట్ట:
కాస్త ఆగండి ఇద్దరూ. ఇంతకీ నీళ్లు వచ్చాయా?

గోదారిగట్టు:
వచ్చాయి. నాలుగో రోజు మోటారు బాగుచేయించారు.

పాలపిట్ట:
వీడియో పెట్టేముందు మీతో చెప్పలేదా?

గోదారిగట్టు:
చెప్పింది. రెండుసార్లు. సర్దుకోమన్నాను.

పాలపిట్ట:
కొత్త చట్టమెందుకండీ? మన దేశపు 2023 డేటా చట్టంలోనే ఉంది, 18 నిండని వాళ్ల సమాచారం తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలని. అది పూర్తిగా అమల్లోకి వస్తే తాళం మీ చేతిలోనే.

గోదారిగట్టు:
అదే వద్దంటున్నా. ఫోను ఇప్పుడు బీరువాలోనే ఉంది, తాళం నా దగ్గరే ఉంది. వారమైంది, నాన్నా అని పిలవట్లేదు. సర్కారు వద్దంటే సర్కారు మీద అలిగేది కదా.

హాస్టల్‌కుర్రాడు:
ఫోన్ ఇచ్చేయండి అంకుల్. కామెంట్లు ఆఫ్ చేయడం ఎలాగో నేను చెప్తా.

గోదారిగట్టు:
చూస్తాను బాబూ.

పులిహోర:
ఆ ఏఐ ఫొటోలు ఎన్నో ఎవరూ చెప్పలేదు.