బయటి బ్రేక్ ప్యాడ్ ఇంకా 4 మిల్లీమీటర్లు ఉంది, అయినా కీచుమంటోంది

మాది కడప. 2017 పెట్రోల్ కారు, 52 వేల కిలోమీటర్లు తిరిగింది, ముందు ప్యాడ్లు ఇంతవరకు మార్చలేదు. మూడు వారాలుగా బ్రేక్ తొక్కితే ఎడమ ముందు చక్రం దగ్గర కీచుమని శబ్దం. మొదట్లో పొద్దున రెండు మూడు బ్రేకులకే ఆగిపోయేది, డిస్క్ మీద తుప్పేమోలే అనుకున్నా. మొన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే మాత్రం కిందికొచ్చేదాకా ఆగలేదు, టెన్షన్ పట్టుకుంది.

మెకానిక్ చక్రం విప్పకుండానే గాలి కొట్టి "దుమ్ము సార్" అన్నాడు, రెండు రోజులకే మళ్లీ మొదలు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి సెల్ టార్చ్ వేసి నేనే చూశా, బయటి ప్యాడ్ 4 మిల్లీమీటర్ల దాకా ఉంది, లోపలిది కనపడలేదు. బ్రేక్ ఆయిల్ మినిమం గీతకు కాస్త పైన ఉంది. పెడల్ వణకడం, బండి పక్కకు లాగడం లేవు.

బయటిది ఇంత మందం ఉన్నా, లోపలి ప్యాడ్ అరిగిపోయి అరుగుదలను శబ్దంతో తెలిపే దాని ఇండికేటర్ రేకు డిస్క్‌కి తగిలితే ఇలాగే అరుస్తుందా?