నోటికి ‘ఆగస్టు పదిహేను’, చేతికి 15-8. ఇదెట్టా?

అమెరికా వాళ్ళు తేదీ తలకిందులుగా రాస్తారని మన గ్రూపులో వారానికొకరు నవ్వుతానే ఉండారు, 8/15 ఏంది, పదిహేనో నెల యాడన్నా ఉందా అని. నవ్వండి, కాదన్ను. కానీ ఒక పని చేయండి. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఎవర్నన్నా ఆపి స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందబ్బయ్యా అని అడగండి, ‘ఆగస్టు పదిహేను’ అంటాడు. ‘పదిహేను ఆగస్టు’ అనే తెలుగోణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. జనవరి ఇరవయ్యారు, అక్టోబరు రెండు, నవంబరు ఒకటి, అన్నీ అంతే, నెల ముందు రోజు తర్వాత. అంటే నోటితో మనం అమెరికా వాళ్ళమే, కాగితం మీదకి వచ్చేసరికి ఇంగ్లండు వాళ్ళం అయిపోతాం.

నాకు తోచింది చెప్తా. తెలుగులో పెద్దది ముందు చెప్పి దాన్లోది తర్వాత చెప్తాం. ఆగస్టు నెల పదిహేనో తేదీ, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు, నెల్లూరు జిల్లా కావలి మండలం ఫలానా ఊరు. పాత విక్రయ దస్తావేజు ఇంట్లో ఉంటే తీసి చూడండి, ‘1956వ సంవత్సరం మే నెల 5వ తేదీన’ అని మొదలవుద్ది, ఆస్తి వివరం కూడా జిల్లా, సబ్ రిజిస్ట్రీ, ఊరు, సర్వే నంబరు, అట్టా మెట్లు దిగతా వస్తుంది. మధ్యలో గీతలు పెట్టి 5-5-56 అని కొట్టే అలవాటు ఆఫీసు ఫారాల్తో చేతికొచ్చింది కానీ నోటిదాకా రాలేదు.

సంకల్పం సంగతి సరే సరి. ఫలానా నామ సంవత్సరే, అయనే, ఋతౌ, మాసే, పక్షే, తిథౌ, వాసరే. ఏడాదితో మొదలుపెట్టి వారం దగ్గిర ఆగుతాడు అయ్యవారు. అది సంస్కృతమే అనుకోండి, కానీ రోజూ వినేది మనమే గదా. చైనా, జపాన్, కొరియా వాళ్ళు రాసే వరస కూడా ఇదే, ఏడాది నెల రోజు. యూరప్‌లో హంగరీ వాళ్ళూ అంతే.

కాబట్టి మూడు వరసలూ మన ఇంట్లోనే ఉండాయి. మీరేమంటారు?

ఒంగోలు నుంచి ఒక మాస్టారు: మంచి పాయింటు. ఒక్క మాట కలుపుతా. పేపర్లో ‘పంద్రాగస్టు వేడుకలు’ అని వేస్తారు చూశారా, అది హిందీ వరస, పంద్రహ్ అగస్త్. హిందీ వాళ్ళు రోజు ముందంటారు. ఆ మాట ముద్దగా తెలుగులోకి వచ్చింది గానీ వరస మాత్రం రాలేదు, పంద్రాగస్టు అనే నోటితోనే మళ్ళీ జనవరి ఇరవయ్యారు అంటాం.

కావలి నుంచి ఒకాయన: హంగరీ, చైనా, జపాన్, కొరియా, వీళ్ళంతా ఇంటిపేరు ముందు పెట్టేవాళ్ళే! మనమూ ఇంటిపేరే ముందు. పెద్దది ముందు చిన్నది తర్వాత, కుటుంబం ముందు మనిషి తర్వాత. ఇదేదో లింకు ఉన్నట్టుండాది.

మాస్టారు: తొందరపడమాకండి. వియత్నాం వాళ్ళు ఇంటిపేరు ముందు పెడతారు, తేదీ మాత్రం రోజు నెల ఏడాది అని మనలాగే రాస్తారు. లిథువేనియా వాళ్ళు ఏడాది ముందు రాస్తారు, ఇంటిపేరు చివర పెడతారు. చూడ్డానికి బానే ఉంది గానీ నిలబడదు.

కావలాయన: సరే సార్, కొట్టేశారు 😀

అమెరికాలో ఉండే నెల్లూరు అమ్మాయి: వీళ్ళకీ తికమక లేకపోలేదండీ. వాళ్ళ స్వాతంత్ర్య ప్రకటన మీద జులై 4, 1776 అని నెల ముందే ఉంటుంది, పండగ పేరు మాత్రం ‘ఫోర్త్ ఆఫ్ జులై’ అంటారు, రోజు ముందు. వీళ్ళ మిలిటరీ వాళ్ళు రోజు నెల ఏడాది అనే రాస్తారు. ఇంకోటి గమనించండి, న్యూయార్క్‌లో టవర్లు కూలింది 9/11, ముంబై దాడి 26/11. రెండిట్లోనూ పదకొండు ఉంది, ఒకచోట అది రోజు, ఇంకోచోట నెల. మనమే రెండూ ఒకే వాక్యంలో అనేస్తాం, ఎక్కడా తడబడం. నిజంగా ఇబ్బంది పెట్టేది పన్నెండు లోపు తేదీలే. ఒకటి నుంచి పన్నెండు దాకా రోజులు, పన్నెండు నెలలు, 144. అందులో 1-1, 2-2 లాంటివి పన్నెండు తీసేస్తే ఏడాదికి 132 రోజులు రెండు రకాలుగా చదవొచ్చు. మూణ్ణెల్లకోసారి కాదు, మూడ్రోజుల్లో ఒకటి పైనే.

ఒంగోలు వాళ్ళు ఇంకొకరు: మా జిల్లా ఆ గొడవ లేకుండా పుట్టింది, 2-2-1970. ఎవరెట్టా చదివినా ఒకటే.

రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్ చూసే ఒకాయన: మాకు ఇది చర్చ కాదు సార్, లేబులు. 04/05 అని కొట్టి పంపితే అటుపక్కోడు ఏప్రిల్ ఐదు అనుకుంటాడు, ఇటుపక్కోడు మే నాలుగు అనుకుంటాడు, సరుకు ఎప్పటిదో తెలీక ఆగిపోద్ది. అందుకే నెల అక్షరాల్లో కొట్టేయడం మేలు. అమెరికా వీసా మీద చూడండి, ఆగస్టు అని మూడక్షరాలు ఇంగ్లీషులో వేస్తాడు. మన పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ కింద రెండు లైన్లు మిషను కోసం ఉంటాయి గదా, అందులో పుట్టిన తేదీ ఏడాది నెల రోజు వరసలో ఉంటుంది, 1962 జూన్ 5 అయితే 620605. మనిషికి ఒక వరస, మిషనుకి ఒక వరస, ఒకే పేజీలో.

పోస్టు పెట్టినాయన: మిషనుకి అదే సుఖం. ఫోన్లో ఫోటో పేరు 20240815 అని ఉండేది అందుకే, పేరు ప్రకారం పేర్చినా తేదీ ప్రకారమే వస్తాయి. తేదీలు రాయడానికి 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ఆ వరసే పెట్టమంది.

అద్దంకి వైపు నుంచి ఒకావిడ: శాసనాల మాట ఎవరూ ఎత్తలేదేంది? పండరంగడి శాసనం మొదటి పాదం ‘పట్టంబు గట్టిన ప్రథమంబు నేడు’. చాలామంది ‘నేడు’ అంటే ఇయ్యాళ అనుకుంటారు. అది ప్రథమంబు + ఏడు, పట్టం కట్టిన మొదటి ఏడాది అని. అంకె లేదు, నెల లేదు, రాజు ఎక్కిన ఏడాదే తేదీ. పండరంగడి రాజు, వేంగి చాళుక్యుడు గుణగ విజయాదిత్యుడు గద్దెనెక్కిందాన్ని బట్టి 848 అని లెక్క కట్టారు.

మాస్టారు: భేష్ అమ్మా. అంకెలు మాటల్లో చెప్పిన చోట ఇంకా తమాషా. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం శాసనంలో ‘వేదాంబురాశినిధి’ అని ఉంటుంది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. వరసగా చదివితే 449, కానీ అంకెలు ఎడమకి నడుస్తాయని సూత్రం, తిప్పి చదవాలి, శకం 944. డెబ్బై ఎనిమిది కలిపితే 1022. తిప్పకపోతే నన్నయ దాదాపు ఐదొందల ఏళ్ళు వెనక్కి పోతాడు! ఒకట్లు ముందు, వందలు చివర. అంటే చిన్నది ముందు పెట్టే పద్ధతీ పాతదే, పాపం ఇంగ్లీషోణ్ణి ఒక్కణ్ణే అనొద్దు.

పోస్టు పెట్టినాయన: ఒప్పుకుంటా, కానీ అది సంస్కృత శ్లోకంలో సంఖ్య చెప్పే తీరు, మన నోటి మాట కాదు గదా.

కావలాయన: రెవెన్యూ వాళ్ళని మర్చిపోయారు. అడంగల్లో, అంటే ఊరి పంటల లెక్కల పుస్తకంలో, ఫసలీ 1434 అని ఉంటే ఆ ఏడాది 2024 జులై నుంచి 2025 జూన్ దాకా. 590 కలపాలి. మా నాయన ఇప్పటికీ ఫసలీల్లోనే చెప్తాడు, పంటలు ఏ ఫసలీలో బాగా పండాయో.

అమెరికా అమ్మాయి: వరసలన్నీ పక్కన పెట్టండి, పెళ్ళి కార్డు సంగతి ఎవరన్నా తేల్చండి. ‘క్రోధి నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి గురువారం అనగా ది. 15-8-2024’, ఇక్కడిదాకా బాగానే ఉంది, ‘అనగా’కి ముందు పెద్దది ముందు, ‘అనగా’కి తర్వాత చిన్నది ముందు. ఆ తర్వాత ‘రాత్రి 2-35 గంటలకు, తెల్లవారితే శుక్రవారం’ అంటారు చూడండి, అప్పుడు గడియారం ప్రకారం పదహారో తేదీ గదా? ఇక్కడి వాళ్ళు 15, 2-35 అని ఫోన్లో పెట్టుకుంటే అది పద్నాలుగు రాత్రికే మోగుద్ది!

అద్దంకి ఆవిడ: మనకి పొద్దు పొడిస్తేనే రోజు మారేది. అందుకే ఆ ‘తెల్లవారితే’ పెట్టేది. ఫోన్లో పదహారు పెట్టుకోమనండి, కార్డులో మాత్రం మార్చమాకండి, పెద్దోళ్ళు గురువారం ముహూర్తం కాదా అని గోల చేస్తారు.