పీజీ సీటుకి ఇంగ్లీషు పదాల పరీక్ష ఎందుకు? జీఆర్ఈ వెర్బల్ మీద ఒక పేచీ

కాగితప్పడవ:

విదేశాల్లో పీజీ సీట్లకి రాసే జీఆర్ఈ పరీక్ష కోసం మూడు నెలల నుంచి ఇంగ్లీషు పదాల ఫ్లాష్‌కార్డులు తిప్పుతున్నాను. నిన్న రాత్రికి 1,100 పదాలు పూర్తయ్యాయి. నేను చేరాలనుకుంటున్నది స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్. దూలం ఎంత బరువుకి వంగుతుందో లెక్కగట్టేవాడికి ‘అబ్‌స్ట్రెపరస్’ అంటే గోలగోలగా, మాట వినకుండా ఉండటమని తెలియకపోతే ఏ వంతెన కూలుతుందో చెప్పండి.

ఇంగ్లీషు రావాలి, కాదనను. అది చూడటానికి టోఫెల్ ఉంది, ఐఈఎల్‌టీఎస్ ఉంది. పాఠం అర్థమవుతుందా, నాలుగు ముక్కలు మాట్లాడగలడా, రాయగలడా అని అవి చూస్తాయి. మళ్ళీ జీఆర్ఈలో వెర్బల్ (ఇంగ్లీషు భాగం) అంటూ 130 నుంచి 170 దాకా ఇంకో మార్కు దేనికి? బట్టీ పట్టే ఓపిక ఎంతుందో కొలవడానికే అయితే ఫోన్ నంబర్లు అప్పజెప్పించుకోవచ్చు కదా. రాసినవాళ్ళు చెప్పండి. ధైర్యం చెప్పే ఉపన్యాసాలు మాత్రం వద్దు.

పాత స్కోరు:

తమ్ముడూ, నీ కోపం పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చింది. నేను రాసింది 2009లో. అప్పుడు 200 నుంచి 800 స్కేలు. యాంటనిమ్స్ అని ఉండేవి. ఒక్క పదం ఇస్తారు, కింద ఐదు ఆప్షన్లు, వ్యతిరేకార్థం పట్టుకోవాలి. చుట్టూ వాక్యం ఉండదు, ఏ ఊతమూ ఉండదు. పదం తెలిస్తే పది సెకన్లు, తెలియకపోతే దేవుడే దిక్కు. అనాలజీలు ఇంకో రకం: ‘శిల్పికి ఉలి ఎలాగో రైతుకి నాగలి అలాగ’ అన్న తరహాలో జతలు కలపాలి. కాకపోతే వాటిలో ఉలి, నాగలి లాంటి మంచి పదాలు తగిలేవి కావు. నువ్వన్న మాట ఆ పరీక్షకి అచ్చంగా సరిపోతుంది. గోడ నిండా చీటీలు అంటించి చదివాను. ఇప్పుడు గుర్తున్నవి ఓ ముప్పై ఉంటాయేమో.

2011 ఆగస్టులో ఆ రెండూ తీసేశారు. అమెరికాలో డిగ్రీ సీట్లకి రాసే శాట్ ఇంకా ముందే మేలుకుంది. యాంటనిమ్స్ 1994లో, అనాలజీలు 2005లో పోయాయి. నువ్విప్పుడు రాయబోయే పరీక్షలో విడి పదం అర్థం అడిగే ప్రశ్న ఒక్కటీ ఉండదు. మరి 1,100 కార్డులు ఎవరు తిప్పమన్నారు?

వెర్బల్ మేడమ్:

పదేళ్ళుగా వెర్బల్ చెబుతున్నాను. కాబట్టి నా మాటలో నా పొట్టకూటి సంగతి కూడా కొంత ఉంటుంది, అది తీసేసి వినండి.

కాగితప్పడవ గారూ, మా క్లాసులో పిల్లలు బోర్లాపడేది ‘అబ్‌స్ట్రెపరస్’ దగ్గర కాదండీ. నేను తయారుచేసిన ప్రశ్న ఒకటి తెలుగులో చెబుతాను. ‘ఆ నవలకి విమర్శకుడు ఇచ్చిన మెప్పు _____ మెప్పే, మొదటి సగం గురించి రెండు పేజీలు రాసి, రెండో సగం ఊసే ఎత్తలేదు.’ ఆప్షన్లలో ‘క్వాలిఫైడ్’ ఉంటుంది. క్వాలిఫైడ్ అంటే అర్హత ఉన్నవాడు కదా, మెప్పుకి అర్హతేమిటని అందరూ మొట్టమొదట దాన్నే కొట్టేస్తారు. జవాబు అదే. అక్కడ దానర్థం ఆచితూచి, కొంతవరకే ఇచ్చిన అని. ఆ పదం తెలియని విద్యార్థి ఒక్కడూ లేడు. తెలుసనుకోవడమే వాళ్ళ కొంప ముంచింది.

‘శాంక్షన్’ ఇంకో దొంగ. లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరైనట్టు. ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారంటే ఆంక్షలు. ఒకచోట తలుపు తీసే పదం ఇంకోచోట మూస్తుంది. ‘చెక్’ అంటే అడ్డుకోవడం, ‘వాంట్’ అంటే లేమి, ‘అరెస్ట్’ అంటే ఆపేయడం. ఇలాంటి పదాలకి కార్డు రాసుకోవాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే అవి మనకి ‘వచ్చు’. ఏ అర్థంలో వాడారో చెప్పేది పక్కనున్న మాటలే.

టోఫెల్ సంగతి. అది ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళ కోసం 1964లో మొదలైంది. వెర్బల్‌ని ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్ళూ రాస్తారు, వాళ్ళూ తప్పులు పెడతారు. రాసినాయన ఎంతవరకు అన్నాడో అంతవరకే పట్టుకోగలవా, నీ సొంత కవిత్వం కలుపుతావా అన్నదే అది అడిగేది. జర్నల్ పేపర్ చదివేటప్పుడు ఈ గుణం స్ట్రక్చరల్ ఇంజనీరుకి అక్కర్లేదంటారా?

చెట్టుకొమ్మ:

ఇంత గొడవెందుకు, లాటిన్ రూట్స్ నేర్చుకుంటే సరి. ‘బెల్’ అంటే యుద్ధం. బెల్లికోస్, బెలిజరెంట్, రెబెల్ అన్నీ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి.

వెర్బల్ మేడమ్:

మరి ‘ఎంబెలిష్’? మీ లెక్కన యుద్ధానికి దింపడం కావాలి. అలంకరించడం అని అర్థం, ఆ బెల్ అందం తాలూకు వేరే బెల్. ‘ఎనర్వేట్’ చూస్తే ఒంట్లోకి ఎనర్జీ ఎక్కించేలా ఉంటుంది. నీరసపరచడం దాని పని. ‘నాయ్‌సమ్’కీ చప్పుడుకీ చుట్టరికం లేదు, కంపుగొట్టేదని అర్థం. నేర్చుకున్న పదాన్ని గుర్తుంచుకోవడానికి రూట్స్ బాగా పనికొస్తాయి. తెలియని పదాన్ని ఊహించడానికి వాటిని నమ్ముకుంటే మాత్రం పరీక్ష తయారుచేసేవాళ్ళు మీకోసమే కాచుకుని ఉంటారు.

సంభావ్యత:

మేడమ్ చెప్పింది బాగుంది గానీ, కొలిచే పద్ధతిలో నాకో అభ్యంతరం ఉంది. టెక్స్ట్ కంప్లీషన్‌లో, అంటే ఖాళీలు నింపే రకంలో, మూడు ఖాళీల ప్రశ్న తీసుకోండి. ఒక్కో ఖాళీకి మూడు ఆప్షన్లు, మొత్తం 27 కూర్పులు, అందులో ఒక్కటే సరైనది. రెండు ఖాళీలు సరిగ్గా నింపి మూడోది తప్పితే సున్నా. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఒకే ఖాళీకి సరిపోయి, వాక్యానికి ఒకే అర్థమిచ్చే పదాలు ఆరు ఆప్షన్ల నుంచి రెండు పట్టుకోవాలి, అంటే 15 జతలు. ఒకటి కుదిరి ఇంకోటి తప్పితే మళ్ళీ సున్నా. గుడ్డిగా కొట్టేవాడికి మార్కు రాకుండా చేయడం మంచిదే. కానీ ముప్పాతిక అర్థమైనవాడికీ అసలేమీ అర్థం కానివాడికీ ఒకే సున్నా పడుతోంది కదా.

2023 సెప్టెంబరులో పరీక్షని కుదించేశారు. మూడు గంటల ముప్పావుది రెండు గంటల లోపుకి వచ్చింది, వెర్బల్లో మొత్తం 27 ప్రశ్నలే మిగిలాయి. రాసేవాళ్ళకి హాయి. కానీ కొలబద్ద మీద గీతలు తగ్గిన కొద్దీ ఒక్క పొరపాటు బరువు పెరుగుతుంది.

నడక:

గ్రామర్ గురించి ఎవరూ మాట్లాడరేం? నేను ఎంబీఏ కోసం జీమ్యాట్ చదివిన బ్యాచ్. వాక్యంలో తప్పు సరిదిద్దే సెంటెన్స్ కరెక్షన్ మీదే నాలుగు నెలలు పెట్టాను. 2023 చివర్లో కొత్త జీమ్యాట్ వచ్చేసరికి దాన్ని పూర్తిగా తీసేశారు. టోఫెల్ కూడా 2005లో ఇంటర్నెట్‌కి మారినప్పుడు విడి గ్రామర్ సెక్షన్‌ని వదిలేసింది. జీఆర్ఈ వెర్బల్లో విడిగా గ్రామర్ ప్రశ్నలే లేవు. అందరూ గ్రామర్‌ని అంటరానిదాన్ని చేసేశారు. నాకు మాత్రం పదాల కన్నా అదే న్యాయమైన పరీక్ష అనిపిస్తుంది.

ఒక్క ఉదాహరణ. ‘వాకింగ్ డౌన్ ద రోడ్, ద ట్రీస్ లుక్డ్ బ్యూటిఫుల్.’ ఇది తప్పని చెబితే మొదట నాకు ఎక్కలేదు. రోడ్డు మీద నడుస్తుంటే చెట్లు అందంగా కనిపించాయి, ఇందులో తప్పేముంది అనుకున్నాను. తర్వాత తట్టింది: ఆ ఇంగ్లీషు వాక్యం ‘నడుస్తుంటే’ కాదు, ‘నడుస్తూ’. ‘రోడ్డు మీద నడుస్తూ చెట్లు అందంగా కనిపించాయి’ అంటే మన చెవికి కూడా చెట్లే నడుస్తున్నట్టు ఉంటుంది. తెలుగులో ఈ తేడా మనకి పుట్టుకతోనే తెలుసు, ఇంగ్లీషులో ఎక్కడ వెతకాలో తెలియదంతే. ఇది లిస్టు బట్టీ పడితే వచ్చేది కాదు. ఎవరు నడిచారు, ఎవరు చూశారు అని ఆలోచిస్తేనే వస్తుంది. ఆ ఆలోచన థీసిస్ రాసే రోజు పనికిరాదా?

రెండో భాష:

‘న్యాయమైన పరీక్ష’ అన్నారు కాబట్టి చెబుతున్నా. నేను డిగ్రీ దాకా మాతృభాషలోనే చదివాను. ఇంగ్లీషు పేరా ఇస్తే అర్థం చేసుకోగలను, కాకపోతే నిదానంగా. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, చివరిదాకా ఓపిక పట్టడం మనకి అలవాటే. ఇంగ్లీషులో కర్త ముందొచ్చి, మధ్యలో కామాల నడుమ రెండు ఉపవాక్యాలు దూరి, ఎప్పటికో క్రియ వస్తుంది. అక్కడికి చేరేసరికి కర్త ఏకవచనమో బహువచనమో మర్చిపోయి వెనక్కి వెళ్తాను. వెళ్ళి సరిగ్గానే పట్టుకుంటాను. గడియారం ఒప్పుకోదు. మొదటి సెక్షన్లో 12 ప్రశ్నలకి 18 నిమిషాలు, రెండోదాంట్లో 15కి 23. ప్రశ్నకి నిమిషంన్నర, పాసేజ్ చదవడం కూడా అందులోనే. పైగా మొదటి సెక్షన్ ఎలా చేశామన్న దాన్ని బట్టి రెండోది తేలికదో కష్టందో ఇస్తారు. మొదట్లో కుంటితే తర్వాత పరిగెత్తినా పైదాకా పోలేం.

పీహెచ్‌డీలో ఒక పేపర్‌ని వారం రోజులు చదువుతాం. అక్కడ నిదానం లోపం కాదు. మేడమ్ చెప్పిన గుణాన్నే కొలవాలనుకుంటే సమయం రెట్టింపు ఇచ్చి కొలవొచ్చు. ఇప్పుడు కొలుస్తున్నది అర్థం చేసుకోవడాన్నీ వేగాన్నీ కలిపి. ఏది ఎంతో స్కోరు చెప్పదు.

పాత స్కోరు:

ఈ ఒక్క మాటకి నా ఓటు రెండో భాషకే. ఇంకా అనుమానమొకటి ఉంది. మా డిపార్ట్‌మెంట్లో చేరినవాళ్ళని చూశాను, వెర్బల్ స్కోరుకీ తర్వాత గ్రేడ్లకీ పొంతన కనపడలేదు. అంటే ఆ స్కోరు దండగ అన్నట్టేగా?

సంభావ్యత:

ఆ తొందర వద్దండీ. మీరు చూసింది చేరినవాళ్ళనే, రానివాళ్ళని చూడలేదు. జల్లెడ పట్టాక మిగిలిన గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. వాటిలో ఇంకా పెద్దది మొలుస్తుందా చిన్నది మొలుస్తుందా అని చూస్తే తేడా తెలియదు. అంతమాత్రాన జల్లెడ పని చేయలేదని కాదు. చేసిందనీ కాదు, అది వేరే సంగతి. అసలు ఎవరు ఏం చేశారో తెలియాలంటే స్కోరు చూడకుండా చేర్చుకున్న బ్యాచ్ కావాలి. ఈ మధ్య చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ అడగడం మానేశాయి కాబట్టి అలాంటి బ్యాచ్‌లు ఇప్పుడు ఉన్నాయి.

ఇంకొకటి. జీఆర్ఈ లెక్కల భాగం క్వాంట్‌లో 160 వస్తే గుంపులో దాదాపు నడిమధ్య ఉంటారు. వెర్బల్లో అదే 160 పైవరస కిందే లెక్క. క్వాంట్‌లో అందరూ పైకి చేరిపోయి కిక్కిరిసి ఉన్నప్పుడు మనుషుల్ని విడదీసి చూపించేది వెర్బలే. సీట్లిచ్చే కమిటీలకి దాని మీద మోజు తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. విడదీయడం తేలిక కాబట్టి దాన్ని వాడటం వేరు, పనికొచ్చే గుణం కాబట్టి వాడటం వేరు.

కాగితప్పడవ:

అందరూ కలిసి నన్ను పనిలో పెట్టారు. నిన్న రాసిన మాక్ టెస్ట్ తీసి తప్పులు లెక్కపెట్టాను. 27లో 9 పోయాయి. వాటిలో పదం తెలియక పోయినవి రెండే. మిగతా ఏడింటిలో ప్రతి పదమూ నాకు తెలుసు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ ఒకటి రాస్తాను, ఎందుకంటే అది కాంక్రీటు పగుళ్ళ మీద పాసేజ్! దాని సారం ఇది: ‘పాత పరిశోధకులు ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు, దాన్నొక్కదాన్నే తీసుకోవడం తప్పు.’ రచయిత ఏమంటున్నాడని అడిగితే నేను ‘పగుళ్ళకి ఉష్ణోగ్రతతో సంబంధం లేదు’ అన్న ఆప్షన్ పెట్టాను. నా సబ్జెక్టే, నాకు తెలిసిన పదాలే.

కార్డులు 1,100 దగ్గర ఆపేశాను. కానీ నా మొదటి ప్రశ్నని వెనక్కి తీసుకోవడం లేదు. ఈ పేరాని నాలుగు నిమిషాలు ఇచ్చి చదవమంటే నేను తప్పు పెట్టేవాణ్ణి కాదు.

వెర్బల్ మేడమ్:

అంత ఖాయంగా చెప్పకండి. గడియారం ఆపేసి, ఆ ఏడూ మళ్ళీ చేయండి, ముందు పెట్టిన జవాబులు కనపడకుండా. ఎన్ని సరయ్యాయో ఇక్కడ రాయండి. ఐదు దాటితే గెలుపు రెండో భాష గారిది, ఆ మాట నేనే ఇక్కడ రాస్తాను.

కాగితప్పడవ:

చేశాను. నాలుగు.

రెండో భాష:

నాలుగంటే సగం పైనే కదండీ!