మట్టి పాడైంది నిజమే, బాగుచేసే ఖర్చు ఎవరిది?

చేవెళ్ల ఆకుకూరలు:
పోయిన ఆదివారం మెహిదీపట్నం రైతుబజార్‌లో జరిగిన విషయం చెప్తాను. అప్పటి నుంచి మనసులోంచి పోవడం లేదు.

మాది ఎకరంన్నర. పాలకూర, తోటకూర, మెంతి, కొత్తిమీర వేస్తాం. సాయంత్రం కోసి కట్టలు కట్టి, తడి గోనె కప్పి, తెల్లారేసరికి బజార్లో ఉంటాం. ఈసారి తోటకూర రెండు మళ్లకు పురుగుమందు కొట్టలేదు, వేపగింజల కషాయంతోనే సరిపెట్టాను. ఆకుకు అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. ఒక పెద్దాయన ఆ కట్టలోంచి ఆకు ఒకటి లాగి, వెలుతురుకు పెట్టి చూసి, పక్కన పడేశారు. మందు కొట్టిన మడిలోవి నున్నగా ఉంటే మూడు కట్టలు తీసుకున్నారు. డబ్బులిస్తూ, "మీరే కదా యూరియా, మందులు పోసి భూమిని చంపేసింది. మాకు విషం తినిపిస్తున్నారు" అన్నారు. ఏ కట్ట ఎలాంటిదో నేను చెప్పేలోపే వెళ్లిపోయారు.

ఆయన మాటలో నిజం ఉంది, అందుకే అంత బాధేసింది. 2016లో మాకు భూసార కార్డు వచ్చింది. సేంద్రియ కర్బనం, అంటే పెంట, ఆకు కుళ్లి మట్టిలో చేరే సారం, 0.38 శాతం. అర శాతం కంటే తగ్గితే తక్కువ కింద లెక్క. నాన్న హయాంలో ఇంట్లో ఆరు పశువులుండేవి, వాకిట్లోనే పెంటకుప్ప. ఇప్పుడు కొట్టం ఖాళీ, పెంట కొనుక్కోవాలి. పోయినసారి ట్రాక్టర్ ట్రిప్పు 3,500 పడింది. ఎకరానికి నాలుగు ట్రిప్పులు తోలితే 14,000. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. నాలుగేళ్లుగా అప్పో సప్పో చేసి పెంట తోలుతూనే ఉన్నాను, కర్బనం ఇప్పుడిప్పుడే 0.5కు వచ్చింది. తోటకూర కట్ట ధర మాత్రం అదే.

నేను అడిగేది ఒక్కటే. ఈ మట్టి మీద పెట్టే ఖర్చు రైతు ఒక్కడిదేనా?

ఇద్దరు పిల్లల అమ్మ, టోలీచౌకి:
అన్నా, ఆ పెద్దాయన అలా అనకుండా ఉండాల్సింది. కానీ మా కష్టం కూడా వినండి. పెద్దబాబుకు ఒంట్లో బాగోలేనప్పటి నుంచి సేంద్రియ కూరగాయలని బోర్డు పెట్టిన ఒక షాపులో రెట్టింపు ధరకు కొన్నాం. ఏడాదిన్నర కొన్నాను. ఒకరోజు పొద్దున్నే వెళ్తే, గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వచ్చిన ఆటోలోంచి గోనెలు దించి అవే బుట్టల్లో సర్దుతున్నారు. అడిగితే, "స్టాక్ తక్కువైనప్పుడు ఇలాగే మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. డబ్బు పోయినందుకు కాదు, అన్నాళ్లు పిల్లలకు మంచిదే పెడుతున్నాననుకున్నందుకు ఏడుపొచ్చింది. ఎక్కువ పెట్టడానికి నేను రెడీ. ఎవరికి పెట్టాలో తెలియడం లేదు. ఇకనుంచి చిల్లులున్న ఆకు చూసి కొంటాను.

రిటైర్డ్ ఏఓ (వ్యవసాయాధికారి), రాజేంద్రనగర్:
చిల్లు చూసి నమ్మకండమ్మా. పురుగు తిన్నాక మందు కొట్టినా ఆ చిల్లు అలాగే ఉంటుంది. ఆకు ఏమీ చెప్పదు, పండించిన మనిషిని అడగాలి, వీలైతే పొలం చూడాలి. అయిదారుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ సర్టిఫికెట్ ఉంది. అది ఉందా అని అడగండి.

ఇక యూరియాను విషం అనడం నేను ఒప్పుకోను. అందులో 46 శాతం నత్రజని. వేరుకు చేరాక అది బస్తాలోంచి వచ్చిందా, పెంటలోంచి వచ్చిందా అని మొక్క చూడదు. తేడా మట్టికి. పెంట మట్టిలోని జీవాలకు తిండి పెడుతుంది, తేమ పట్టి ఉంచుతుంది. యూరియా ఆ పని చేయలేదు. మన దగ్గర జరిగిన తప్పు ఏమిటంటే పెంట పూర్తిగా మానేసి యూరియా ఒక్కదాని మీద పడ్డాం. దానికి రైతును మాత్రమే అంటే న్యాయం కాదు. 2010లో కేంద్రం పోషకాలను బట్టి సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువులను అందులో చేర్చి యూరియాను బయట ఉంచారు, దాని ధర పెరగనివ్వలేదు. ఇవాళ 45 కిలోల యూరియా 266, భాస్వరం ఉండే డీఏపీ 50 కిలోలు 1,350. చేతిలో డబ్బు తక్కువున్న మనిషి ఏ బస్తా ఎత్తుకుంటాడు? నా సర్వీసంతా "సమతుల్యంగా వాడండి" అని చెప్పుకుంటూ తిరిగాను. షాపులో ధరలు చూస్తే నా మాట నాకే చప్పగా వినిపించేది.

అలాగని రేపటి నుంచి అన్నీ మానేయమనేవాళ్లు శ్రీలంకను గుర్తుచేసుకోవాలి. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, నవంబర్‌కల్లా వెనక్కి తగ్గారు. మట్టి మెల్లగా పాడైంది, మెల్లగానే బాగవుతుంది. పెంట కొనలేనివారు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూతకు వచ్చే దశలో కలియదున్నండి. చౌకగా అయ్యే పని అదే.

అల్వాల్ పాత కాపు:
మా వైపు ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్షతోటలే, అనాబ్-ఎ-షాహీ రకం. ఇప్పుడు అన్నీ కాలనీలు. మా అల్వాల్ రైతు చింతల వెంకట్‌రెడ్డి గారు లోతు నుంచి తవ్వి తీసిన అడుగుమట్టినే ఎరువుగా వాడి పండించారు, 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మట్టికి మట్టే మందని ఆయన చేసి చూపించారు. అందరూ బస్తా, పెంట అంటున్నారు, ఇది కూడా చూడండి.

బోరబండ ఆటో:
అందరూ ఎక్కువ ధర పెట్టాలంటున్నారు. నేను రోజుకు పన్నెండు గంటలు బండి నడిపితే డీజిల్, కిరాయి పోను మిగిలేదానితో అయిదుగురం తినాలి. తోటకూర కట్ట పదికి మూడు కాకుండా ఒక్కటే వస్తే మా ఇంట్లో తోటకూర ఉండదు. మంచి తిండి డబ్బున్నోళ్లకే అనేట్టయితే నేను ఒప్పుకోను.

రైతు బాధ నాకు తెలియక కాదు. నారాయణఖేడ్ దగ్గర మాకు రెండెకరాల చెలక ఉండేది. నాయనమ్మ జొన్న సాళ్ల నడుమ కంది, పెసర వేసేది. మేం తిన్నది జొన్నరొట్టె, పప్పు. సన్నబియ్యం పండగకే. అప్పుడు రొట్టె తింటే పేదోళ్లన్నారు. ఇప్పుడు అదే రొట్టె అమీర్‌పేటలో బండి దగ్గర నిలబడి కొంటున్నారు, డాక్టర్ చెప్పాడని. భూమి అమ్మేటప్పుడు నాన్న ఒకటే మాటన్నాడు, "సేద్యం చేసేవాడికి పిల్లనివ్వరురా". నేను పట్నం వచ్చింది ఆ మాట మీదే.

కాబట్టి ఖర్చు సర్కారు పెట్టాలి. యూరియాకు ఇచ్చే సబ్సిడీ పెంటకు, జీలుగకు కూడా ఇవ్వండి. బజార్లో ధర పెంచకండి.

శంకర్‌పల్లి కౌలు:
మీరంతా సొంత భూమి గురించి మాట్లాడుతున్నారు. నాది కౌలు, మూడెకరాలు, నోటిమాట మీద, ఏడాదికేడాది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టా ఉన్న ఓనర్‌కు పోయింది, దున్నిన నాకు రాలేదు. సబ్సిడీ పెంటకిచ్చినా పట్టా ఉన్నోళ్లకే ఇస్తారు.

అయినా రెండేళ్లు కష్టపడ్డాను. ఎండాకాలం ఎరువు కోసం చేనులో గొర్రెల మంద పెట్టించాను, నాలుగు రాత్రులు, కాపరులకు బియ్యం, డబ్బులు ఇచ్చి. జనుము వేసి దున్నాను. మొదట్లో ఆ మట్టి పిడికిట పడితే ఇసుకలా జారేది. పోయిన వానాకాలం ముద్ద కట్టింది. విప్పి చూస్తే లోపల దారాల్లాంటి తెల్లవేర్లు, మధ్యలో ఒక వానపాము కదులుతోంది. మా ఆవిడను పిలిచి చూపించాను.

ఈ మార్చిలో పోతే చేనులో కడీలు పాతారు, సున్నంతో ప్లాట్లు గీశారు. ఓనర్ ఫోన్‌లో "ఈసారి కౌలు లేదు తమ్మీ" అన్నాడు. ఆయన భూమి, ఆయనిష్టం. వచ్చే వారం జేసీబీ వస్తుందట, పైమట్టి గోకేసి రోడ్లు పోస్తారట. మట్టి బాగుచేయమని చెప్పేవాళ్లు నాలాంటోడు ఎందుకు చేయాలో చెప్పండి.

చేవెళ్ల ఆకుకూరలు:
ఆటో అన్నా, నీ మాటే సరైంది. ధర పెంచమని నేను అనుకున్నాను, నీ ఇంటి లెక్క నాకు తట్టలేదు. ఏఓ సార్, పీజీఎస్ గురించి మా ఊళ్లో నలుగురితో మాట్లాడతాను. అక్కా, ఒక ఆదివారం పిల్లలతో మా చేనుకు రండి, కట్ట కొనకపోయినా పర్వాలేదు.

కౌలు తమ్ముడూ, నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఒక పని మాత్రం చెయ్యి. జేసీబీ రాకముందే ఓనర్‌కు ఫోన్ చేసి, పైన జానెడు మట్టి నేనెత్తుకుంటానని అడుగు. రోడ్డుకు వాళ్లకు కావాల్సింది మొరం, ఆ మట్టి కాదు, ఒప్పుకోవచ్చు. ఎండాకాలం కౌలుకు ఇంకో చేను దొరికితే అక్కడ పోసుకో. దొరికేదాకా మా గట్టు పక్కన కుప్ప పోసుకో, పైన జనుము చల్లుదాం. మా బావమరిది ట్రాక్టర్ ఉంది, డీజిల్ నేను పోయిస్తాను. ఎన్ని ట్రిప్పులవుతాయో ఒకసారి చూసి చెప్పు.